బంతి ఎక్కడ ఆగింది

ఏప్రిల్ 2

అత్తగారు నన్ను కేడీగా రమ్మన్నారు. కేడీ అంటే గోల్ఫ్ బ్యాగు మోసుకుంటూ వెనకాల తిరిగే మనిషి. ఈ ఇంటికి కోడలిగా వచ్చి పద్దెనిమిదేళ్ళు. ఇన్నాళ్ళకి ప్రమోషన్.

నాకు గోల్ఫ్ అంటే ఒళ్ళు మంట. ఆదివారం పొద్దున్నే ఆవిడ టోపీ పెట్టుకుని, చేతికి గ్లవ్ తొడుక్కుని వెళ్ళిపోతే వంటింట్లో మిగిలేది నేను. అంత చిన్న బంతిని అంత దూరం కొట్టడం ఎందుకు, మళ్ళీ దాని వెనకాలే నడుచుకుంటూ పోవడం ఎందుకు? ఈ మాట ఎప్పుడూ పైకి అనలేదు. అత్తగారితో నేనేదీ పైకి అనను. అందుకే బంధువుల్లో మా ఇద్దరికీ అంత మంచి పేరు.

నేనే ఎందుకు అని అడిగాను. బయటివాళ్ళకి తెలియకూడదు కనక అన్నారు. ఏం తెలియకూడదు అంటే అప్పుడు చెప్పారు. కళ్ళు పోతున్నాయట. పూర్తిగా కాదు, మధ్యలో. చూపు పెట్టిన చోట మసక మచ్చ, దాని చుట్టూ మాత్రం కనిపిస్తుంది. నా మొహం కనపడదట, చెవులు కనిపిస్తాయట. ఆ మాట అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆర్నెల్లుగా ఒక్కరే కళ్ళ డాక్టరు దగ్గరికి పోయి వస్తున్నారు. మేమేమో ఆవిడకి పేపరు మీద మోజు తీరిపోయింది కాబోలు అనుకుంటున్నాం.

ఆవిడకి కావలసింది ఒకటే. జూన్‌లో హెడ్‌మిస్ట్రెస్‌తో మ్యాచ్. హెడ్‌మిస్ట్రెస్ అంటే నిజంగానే ఒకప్పుడు హెడ్‌మిస్ట్రెస్, అత్తగారికి క్లబ్‌లో పాత స్నేహితురాలు, పాత శత్రువు. ఏటా ఇద్దరూ ఒక సొట్టల కప్పు కోసం ఆడతారు. ఈసారీ ఆడాలి. ఇదే ఆఖరిది కావచ్చని ఆవిడకి తెలుసు. హెడ్‌మిస్ట్రెస్‌కి తెలియకూడదు. తెలిస్తే జాలిపడి ఆడుతుంది, అప్పుడది మ్యాచ్ కాదు, పరామర్శ అన్నారు.

ఏప్రిల్ 3

మా ఆయనకి చెప్పనని మాటిచ్చాను. పొద్దుట్నుంచి కడుపు ఉబ్బిపోతోంది.

ఏప్రిల్ 7

ప్రాక్టీసు మైదానానికి ఎవరూ రాకముందే వెళ్ళాం. బ్యాగు మోయలేక భుజం ఊడింది.

ఆవిడ ఆడుతుంటే దగ్గర నిలబడి చూడటం ఇదే మొదటిసారి. ఆవిడ కర్ర ఊపి కొట్టే ఆ స్వింగ్ గురించి క్లబ్‌లో కథలు కథలుగా చెప్పుకుంటారని విన్నాను. నేను చూసింది మాత్రం అది కాదు. బంతి మీదికి వంగి, తల ఓ పక్కకి తిప్పి, కంటి కొసతో దాన్ని వెతుక్కుంటూ, భుజాలు చెవుల దాకా బిగించి కొడుతున్నారు. క్లబ్బు, అంటే ఆ కొట్టే కర్ర, బంతి నెత్తి మీద తగులుతోంది. అది గడ్డిలో కాస్త పొర్లి ఆగిపోతోంది. మళ్ళీ వంగడం, మళ్ళీ వెతకడం. బుట్టెడు బంతులూ అదే తీరు. చివరికి క్లబ్బు విసిరికొట్టి బెంచీ మీద కూలబడ్డారు.

అప్పుడు నోరు జారాను. అత్తయ్యా, నేను నరాన్ని చూసి సూది గుచ్చను అన్నాను.

నేను ల్యాబ్‌లో రక్తం తీస్తాను. రోజంతా అదే పని. కొందరికి నరం పైకి కనిపిస్తుంది, కానీ మోసం చేస్తుంది, సూది పెట్టగానే పక్కకి జారుకుంటుంది. మంచి నరం కంటికి ఆనదు. వేలితో నొక్కితే కింద నుంచి మెత్తగా పైకి తంతుంది. లావుపాటి చేతులొస్తే నేను కళ్ళు మూసుకునే వెతుకుతాను. కళ్ళు తెరిస్తే వేలికి బద్ధకం వస్తుంది. ఇదంతా ఆవిడకి చెప్పాను. నా ఉద్యోగం గురించి ఆవిడతో ఇంతసేపు ఎప్పుడూ మాట్లాడలేదు. ఆవిడా ఎప్పుడూ అడగలేదు.

ఇల్లు చేరేదాకా కారులో తన ముంజేతిని తనే నొక్కి చూసుకుంటూ కూర్చున్నారు.

ఏప్రిల్ 8, పొద్దున ఆరున్నర

కళ్ళు మూసుకుని కొట్టారు!

బంతి వెనక క్లబ్బు ఆనించేదాకా పక్కచూపుతో చూశారు. తర్వాత రెండు కళ్ళూ మూసేశారు. ఒక ఊపిరి తీసి వదిలారు. భుజాలు దిగాయి. నుదుటి మీద ముడతలు కూడా దిగాయి. క్లబ్బు తాపీగా వెనక్కి వెళ్ళింది, పైన ఆగీ ఆగనట్టు ఆగింది, కిందికొచ్చింది. చప్పుడు కూడా పెద్దగా లేదు. నేను బంతి కోసం గడ్డిలో వెతుకుతున్నాను. అది గడ్డిలో ఎక్కడుంది? ఆకాశంలో ఉంది.

ఎటు పోయింది అని అడిగారు. నోరెళ్ళబెట్టుకుని నిలబడ్డాను, చెప్పడం మరిచిపోయాను. ఏమే, మాట పడిపోయిందా అని కసిరారు. సూటిగా అత్తయ్యా, ఆ నూట యాభై గజాల బోర్డు దాటి సూటిగా అన్నాను. తెలుసులే, చేతికేమీ తెలియలేదుగా అన్నారు. సరిగ్గా తగిలితే చేతికి ఏమీ తెలియదట. తప్పు తగిలితేనే వేళ్ళు జివ్వుమంటాయట.

ఈ మనిషితో ఒకే ఇంట్లో ఇన్నేళ్ళు ఉన్నాను. ఈవిడ ఇలాంటిది చెయ్యగలదని నాకు తెలియనే తెలియదు. సిగ్గేసింది. సిగ్గు కన్నా గర్వం ఎక్కువేసింది.

ఏప్రిల్ 15

రోజూ వెళ్తున్నాం. ఇప్పుడు అలారం నేనే పెడుతున్నాను.

కొట్టడం కన్నా కొట్టకముందు ఆవిడ చేసేవి చూడాలి. ఊరికే క్లబ్బు పట్టుకుని నిలబడి, దాని తల ఎంత బరువుందో చేతిని అడుగుతారు. గ్రిప్ ఎలా ఉండాలో నాక్కూడా చెప్పారు. పొయ్యి మీంచి పాలగిన్నె దించేటప్పుడు పట్టకారు పడతావే, అలా అన్నారు. నలిపేస్తే చెయ్యి బిగుసుకుంటుంది, వదిలేస్తే పాలు నేలపాలు. ఇది నాకు వెంటనే ఎక్కింది.

బరువు కుడి మడమ మీదికి వెళ్ళి, అక్కణ్ణుంచి ఎడమ మడమ మీదికి రావాలి. దానికోసం బూట్లు విప్పేసి తడి గడ్డిలో నిలబడతారు. డెబ్బయ్యేళ్ళ మనిషి జలుబు చేస్తుందన్న భయం లేకుండా. తొందరపడినప్పుడు ఆవిడకే తెలిసిపోతుంది, ఛీ అనుకుంటారు, బంతి ఇంకా గాల్లో ఉండగానే. నేను చూసి చెప్పేలోపు ఆవిడ మొహంలో జవాబు ఉంటుంది.

నేనూ ఒకటి కొట్టి చూశాను. గడ్డి పెళ్ళ ఎగిరి ఆవిడ టోపీ మీద పడింది. బంతి ఉన్నచోటే ఉంది.

ఏప్రిల్ 21

ఇవాళ్టి నుంచి పట్టింగ్. బంతి చివరికి పడాల్సిన గుంత చుట్టూ నున్నగా కత్తిరించిన గడ్డిని గ్రీన్ అంటారు. దాని మీద బంతిని ఎగరెయ్యకూడదు, పట్టర్ అనే పొట్టి క్లబ్బుతో గుంత దాకా దొర్లించాలి. దూరాలు కొట్టేది గొప్ప చూపించుకోవడానికి, మ్యాచ్ గెలిచేది ఇక్కడ అన్నారు.

పద్ధతి ఆవిడే కనిపెట్టారు. ముందు బంతి దగ్గర్నుంచి గుంత దాకా వట్టి కాళ్ళతో నడుస్తారు. నేల ఏ పక్కకి వాలిందో అరికాలు చెబుతుంది. తర్వాత నేను జెండా కర్రతో గుంత అంచు మీద రెండుసార్లు తట్టి పక్కకి తప్పుకోవాలి. ఆ చప్పుడును బట్టి నిలబడతారు. కళ్ళు మూసుకుని కొడతారు. బంతి ఆగాక, కళ్ళు తెరవకుండానే, అది ఎక్కడ ఆగిందో ముందు ఆవిడ చెబుతారు. తర్వాత నేను చెప్పాలి. చెయ్యి చేసిన పనికి పేరు పెట్టడం నేర్పాలి, అది నేర్చుకుంటే కళ్ళతో పనిలేదు అన్నారు.

మొదటిది మూరెడు తక్కువైంది. ఆవిడ జానెడు తక్కువ అన్నారు. అంతే అత్తయ్యా, జానెడే అన్నాను. పెద్దావిడ, మొదటి రోజు, నాదేం పోయింది?

మే 3

పట్టింగ్ బాగా సాగుతోంది. ఆవిడ పక్కనే ఆగిందా అంటారు, నేను పక్కనే అత్తయ్యా అంటాను. ఒక్కోసారి నిజంగానే పక్కనే ఉంటుంది.

మే 12

అయిపోయింది. అంతా అయిపోయింది.

వారం రోజులుగా పట్టర్‌తో కొట్టేవన్నీ తక్కువైపోతున్నాయి. ఒక్కటీ గుంత దాకా పోవడం లేదు. నా చెయ్యి నాతో అబద్ధం చెబుతోంది అని గొణుక్కుంటున్నారు. నేను నేల చూపులు చూస్తున్నాను. ఇవాళ ఒకటి కొట్టి, బెత్తెడు తక్కువ అన్నారు. అవునత్తయ్యా, బెత్తెడే అన్నాను. కళ్ళు తెరిచి, నేను చెయ్యి అందించేలోపు తనే గుంత దగ్గరికి నడిచారు. మోకాళ్ళ మీద కూర్చుని గుంత అంచు నుంచి బంతి దాకా జానలతో కొలిచారు. ఒకటి. రెండు. మూడోది కూడా పట్టింది.

ఎన్నాళ్ళ నుంచి అని అడిగారు.

మొదట్నుంచీ అన్నాను.

అరవలేదు. అరిచినా బాగుండేది. నా చెయ్యి నువ్వు చెప్పిందే నమ్మింది అన్నారు. నువ్వు దగ్గరన్నప్పుడల్లా అదే సరైన బలం అనుకుని గుర్తుపెట్టుకుంది. నాకు మిగిలింది ఇదొక్కటేనే, దీన్నీ చెడగొట్టావు అన్నారు. నెల రోజుల్లో మ్యాచ్ ఉందని అనలేదు. అనక్కర్లేదు.

మే 12, సాయంత్రం

ల్యాబ్‌లో ఇవాళ ఇద్దరికి రెండోసారి గుచ్చాల్సి వచ్చింది. బాత్రూమ్‌లోకి పోయి ఏడ్చాను. ఏడుపయ్యాక కోపమొచ్చింది.

ఇంటికొచ్చి బ్యాగు కూడా దించకుండా ఆవిడ గదిలోకి వెళ్ళాను. మీరు మాత్రం నిజం చెప్పారా అని అడిగేశాను. ఆర్నెల్లు కళ్ళు పోతుంటే ఒక్క ముక్క చెప్పారా? మీరు నన్ను నొప్పించరు, నేను మిమ్మల్ని నొప్పించను, ఇలాగే కదా ఇన్నేళ్ళూ గడిచింది, ఇప్పుడు గ్రీన్ మీదికి రాగానే నిజం మాట్లాడమంటే నాకు ఎక్కణ్ణుంచి వస్తుంది అన్నాను. ఇంకా చాలా అన్నాను. కళ్ళు మండుతున్నాయి, నోరు ఆగడం లేదు. మీ కాఫీ బురదలా ఉంటుంది అని కూడా అనేశాను. దానికీ గోల్ఫ్‌కీ ఏం సంబంధమో ఆ దేవుడికే తెలియాలి.

ఆవిడ నా చెవుల వైపు చూశారు. అంటే, నా వైపు. మరి ఇన్నాళ్ళూ ఎందుకు తాగావే అని అడిగారు.

మీ మొహం చూసి అన్నాను.

నవ్వడం మొదలుపెట్టారు. ఆపలేకపోయారు. నాకూ వచ్చేసింది. మంచం మీద పక్కపక్కన కూర్చుని, పొట్ట పట్టుకుని నవ్వాం. నవ్వు సద్దుమణిగాక నీ పప్పు కూడా అంత గొప్పగా ఏమీ ఉండదు అన్నారు. పద్దెనిమిదేళ్ళుగా లొట్టలేస్తూ తిన్న పప్పు!

మే 13

మొదటి నుంచి మొదలుపెట్టాం. వేలెడు అంటే వేలెడు. మూరెడు అంటే మూరెడు. నోట్లోంచి మాట వస్తుంటే చెమటలు పడుతున్నాయి. ఎక్కువైంది అత్తయ్యా, బారెడు దాటిపోయింది అని అరిచాను. శభాష్ అన్నారు. బంతిని కాదు, నన్ను.

మే 19

మా ఆయన బెంబేలెత్తిపోయారు. మేమిద్దరం తెల్లారగట్లే హాల్లో కార్పెట్ మీద గ్లాసు పడుకోబెట్టి పట్టింగ్ చేస్తున్నాం. తప్పు, ఎడమకి, మళ్ళీ తప్పు, ఏమిటండీ ఇవాళ మీ చెయ్యి అని నేను. నువ్వు సరిగా కొలిచి చావు అని ఆవిడ. ఆయన లుంగీ సర్దుకుంటూ పరిగెత్తుకొచ్చి, అమ్మా నువ్వు ఊరుకో, ఏమే నువ్వూ ఊరుకో అని మధ్యలో నిలబడ్డారు. కాలి కింద బంతి. దబ్బున పడ్డారు.

అత్తగారు అక్కడే, కొడుకు నేల మీద ఉండగానే, కళ్ళ సంగతి చెప్పేశారు. ఆయన లేవలేదు. అక్కణ్ణుంచే, ఇక గోల్ఫ్ మానెయ్ అమ్మా, ఎక్కడైనా పడతావు అన్నారు. పడింది నువ్వు అన్నారు ఆవిడ.

మే 30

నిన్నటి నుంచి ఆవిడ అంచనాకీ నా కొలతకీ తేడా రావడం లేదు. తప్పు కొట్టినా ఎంత తప్పో చెప్పేస్తున్నారు. ఎలా తెలుస్తుంది అత్తయ్యా అంటే, నీకు నరం ఎలా తెలుస్తుంది అన్నారు. తెలుస్తుంది, అంతే.

క్లబ్‌లో ఇద్దరు ఆడవాళ్ళు నా దగ్గరికొచ్చి, మీ అత్తగారికి పొగరెక్కింది, ఎదురుపడి నవ్వినా నవ్వదు అన్నారు. ఆవిడకి మీ మొహాలు కనపడవమ్మా అని నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. అబద్ధాలు మానేశాను గానీ రహస్యం రహస్యమే.

జూన్ 9

రేపే. అన్నం సయించలేదు. ఆవిడ మాత్రం శుభ్రంగా తిని పడుకున్నారు.

జూన్ 10

అన్నీ రాయాలి. చెయ్యి ఆగడం లేదు.

ఈ మ్యాచ్‌లో ఒక్కో గుంతకీ ఒక్కో లెక్క. తక్కువ దెబ్బల్లో బంతిని గుంతలో వేసినవాళ్ళది ఆ గుంత. చివరికి ఎక్కువ గుంతలు ఎవరివైతే వాళ్ళది కప్పు. ఇంకో ఆచారం ఉంది. బంతి గుంతకి బాగా దగ్గరికొస్తే, ఇక కొట్టనక్కర్లేదు, ఇచ్చేశాను అని ఎదుటివాళ్ళు అనొచ్చు. ఒకసారి ఇచ్చేశాను అంటే అంతే, బంతి పడినట్టే లెక్క, పుచ్చుకోనని అనడానికి లేదు.

హెడ్‌మిస్ట్రెస్ పొట్టిగా, గట్టిగా ఉంటుంది. బెత్తం లేదన్న మాటే గానీ చూపులో అది ఉంది. మొదట్లో ఒక్కటీ ఇవ్వలేదు. గుంత అంచున ఉన్న బంతిని కూడా కొట్టించింది. అత్తగారు మహా సంతోషంగా ఉన్నారు. సగం ఆట అయ్యేసరికి ఒక గుంత ముందున్నాం.

తర్వాత పాడు వాన. గ్రీన్ తడిసి బంతి దొర్లే తీరు మారింది. రెండు గుంతలు పోయాయి. ప్రతి స్వింగ్‌కీ అదే ఊపిరి, అదే తాపీ. ఒక్కసారి కూడా తొందరపడలేదు. పక్కన నిలబడి నేను మాత్రం గోళ్ళన్నీ కొరికేశాను. ఆఖరికి ముందు గుంత దగ్గర, గ్రీన్ ఈ చివర నుంచి ఆ చివరకి, మధ్యలో చిన్న మిట్ట దాటించాల్సిన దెబ్బ. వాన నీళ్ళలో వట్టి కాళ్ళతో రెండుసార్లు నడిచారు. కళ్ళు మూశారు. బంతి మిట్ట ఎక్కి, మిట్ట దిగి, నేను తీసిన జెండా చోటుకే వచ్చి లోపల పడింది. ఆవిడ ముందే చెయ్యి పైకెత్తేశారు, చప్పుడు కన్నా ముందే. ఒళ్ళు ఝల్లుమంది. ఇప్పుడు రాస్తుంటే కూడా.

సమానం. ఒక్క గుంత మిగిలింది.

ఈ మధ్యలో ఎక్కడో హెడ్‌మిస్ట్రెస్‌కి అర్థమైపోయినట్టుంది. అత్తగారు ఆవిడ వైపు అనుకుని గొడుగుతో మాట్లాడినప్పుడు కావచ్చు. అప్పట్నుంచి మొహం మారింది, మాట మెత్తబడింది.

ఆఖరి గ్రీన్. హెడ్‌మిస్ట్రెస్ బంతి లోపల పడిపోయింది. అత్తగారిది బారెడు దూరంలో ఉంది. వేస్తే మ్యాచ్ సమానం, వెయ్యకపోతే ఓటమి. బారెడు దూరం ఎవరూ ఇవ్వరు. నేను కర్రతో అంచు తడుతున్నాను. హెడ్‌మిస్ట్రెస్ గొంతు సవరించుకుని, ఆ బంతిని ఇక నేను, అని మొదలుపెట్టింది.

నోరు ముయ్యి అన్నారు అత్తగారు. హెడ్‌మిస్ట్రెస్‌ని! చుట్టూ క్లబ్‌వాళ్ళు ఉండగా! ఆ మాట బయటికొచ్చిందో, జన్మలో నీతో మాట్లాడను అన్నారు. హెడ్‌మిస్ట్రెస్ నోరు మూసుకుంది.

కొట్టారు. మెల్లగా, సూటిగా వచ్చింది. అంచు దగ్గర తడి గడ్డి దాన్ని పక్కకి లాగింది. ఆగింది. చుట్టూ ఉన్నవాళ్ళు అయ్యో అన్నారు. ఆవిడ కళ్ళు తెరవలేదు, నా కోసం ఆగారు. కుడికి, రెండు వేళ్ళు అన్నారు.

వంగి వేళ్ళు పెట్టి కొలిచాను. కుడికే అత్తయ్యా, కానీ ఒకటిన్నరే అన్నాను.

ఒకటిన్నరా అని ఎంత ముచ్చటగా నవ్వారో! ఓడిపోయిన మనిషి నవ్వే నవ్వు కాదది.

అప్పుడు తనే హెడ్‌మిస్ట్రెస్‌కి అన్నీ చెప్పారు. ఆవిడ ఏడుస్తూ కారాలు మిరియాలు నూరింది. నవ్వితే నవ్వడం లేదని ఇన్నాళ్ళూ నిన్ను ఎన్ని తిట్లు తిట్టుకున్నానే పాపిష్టిదానా అని వీపు మీద ఒక్కటి చరిచింది. కప్పు మాత్రం ఇవ్వలేదు. గెలిచింది నేను, ఇది నాది అని చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది. అదీ మనిషంటే అన్నారు అత్తగారు, కారెక్కుతూ.

జూన్ 11

భుజం నొప్పి. బ్యాగు లేకపోతే ఏదో వెలితిగా ఉంది.

జూన్ 19

కళ్ళ డాక్టరు దగ్గరికి ఈసారి ఇద్దరం వెళ్ళాం. ఆయన చాలా మంచివాడు. చూద్దాం, ఆశ వదులుకోవద్దు, కొత్త మందులొస్తున్నాయి అంటూ చాలాసేపు మాట్లాడాడు. అత్తగారు మధ్యలో కళ్ళు మూసుకున్నారు. ఆయన ఆపాక నా వైపు తిరిగారు. చూపు ఇంకా రెండేళ్ళు అనుకుంటున్నాను అన్నారు.

ఆయన ఇచ్చిన రిపోర్టు మళ్ళీ చదివాను. డాక్టరు మొహం కూడా చూశాను. ఎక్కువ అత్తయ్యా, ఒకటే అన్నాను.